గూఢలిపిని నమ్మిన రాణి

1587 ఫిబ్రవరి 8వ తేదీన ఇంగ్లండులోని ఫాదరింగే కోటలో, ఒకప్పటి స్కాట్లండు రాణి మేరీ స్టూఅర్టునకు శిరశ్ఛేదము జరిగెను. అప్పటికామె వయస్సు 44 సంవత్సరములు. అందులో పదునెనిమిదేండ్లకు పైగా బంధువైన ఎలిజబెత్ రాణి చెరలోనే గడచినవి. ఆమెను వధ్యస్థానమునకు చేర్చిన సాక్ష్యము ఆమె పంపిన ఉత్తరమే. అదియు పరులకు తెలియరాదని గూఢలిపిలో వ్రాయించినది.

ఆ లిపిలో అక్షరమునకొక గుర్తు, తరచుగా వాడు మాటలకు వేరు గుర్తులు, చదువరిని తికమక పెట్టుటకు అర్థము లేని గుర్తులు కొన్ని. మన పిల్లలు ప్రతి అక్షరమునకు ముందు 'క' చేర్చి మాటలాడుకొను 'క' భాషలోని కిటుకే యీ చివరిది. వినువారికి బ్రహ్మరహస్యము, కిటుకెరిగినవారికి పిల్లలాట. ఏ భాషలోనైనను కొన్ని అక్షరములు తరచుగను, కొన్ని అరుదుగను వచ్చును. ఆ తరచుదనమును లెక్కించి లిపిని ఛేదింపవచ్చునని 9వ శతాబ్దమున బాగ్దాదు పండితుడు అల్ కిందీ ఏనాడో వ్రాసియుంచెను. ఎలిజబెత్ మంత్రి వాల్సింగ్‌హామ్ కొలువులోని తామస్ ఫెలిప్స్ ఆ విద్యలో దిట్ట.

1586లో చార్ట్‌లీలో బందీగానున్న మేరీకి బీరు పీపాలలో దాగి ఉత్తరములు వచ్చుచు, పోవుచు నుండెను. ఆ దారి తన వారు కనుగొన్నదని ఆమె నమ్మెను. అది వాల్సింగ్‌హామ్ పన్నిన వల. ఎలిజబెత్‌ను చంపించి మేరీని విడిపింతుమని బాబింగ్టన్ అను యువకుడు వ్రాయగా, జులై 17న ఆమె బదులు పంపెను. ఫెలిప్స్ దానిని చదివి, ఉరికంబము బొమ్మ గీసి యజమానికందజేసెను. అంతటితో ఊరకుండక, కుట్రదారుల పేర్లు తెలుపుమని అదే లిపిలో ఆమె పేర నాలుగు మాటలు చేర్చెను. గూఢలిపి రాజముద్ర కాదు గదా. తెలిసినవాడెల్ల దానిలో వ్రాయగలడు!

మేరీ వాడిన లిపులన్నియు ఇంత దుర్బలములు కావు. వేరొకదానిలోని లేఖలు పారిస్‌లోని ఫ్రాన్సు జాతీయ గ్రంథాలయమున, ఇటలీ వ్యవహారముల పత్రములుగా నమోదై, చదువువారు లేక పడియుండెను. ఇందు ఒకే అక్షరమునకు పెక్కు గుర్తులుండుటచే తరచుదనపు లెక్క సులభముగా సాగదు. జార్జ్ లాస్రీ, నార్బర్ట్ బీర్మన్, సతోషి తొమొకియో అను మువ్వురు కంప్యూటరు సాయమున వానిని విప్పి 2023లో ప్రకటించిరి. చూడగా భాష ఇటాలియన్ కాదు, ఫ్రెంచి; విశేషణములు స్త్రీలింగములు. "నా స్వేచ్ఛ", "నా కుమారుడు" అను మాటలు బయటపడెను. పిమ్మట వాల్సింగ్‌హామ్ పేరు కనబడగా సంశయము తీరిపోయెను.

ఆ లేఖలు 57. 1578 మొదలు 1584 వరకు వ్రాసినవి. పెక్కులు ఫ్రెంచి రాయబారి కాస్టెల్నోకు పంపినవి. వానిలో ఏడింటి నకళ్లు మాత్రము ఇంగ్లండులో ముందే యుండెను. రాయబారి ఇంటిలోనివాడొకడు వానిని వాల్సింగ్‌హామ్‌కు చేరవేయుచుండెను! ఇంటిదొంగ యున్నచోట ఎంత గట్టి లిపియైన ఏమి చేయును?

అనారోగ్యము, చెరలోని ఇక్కట్లు, వాల్సింగ్‌హామ్ స్నేహము నటనయన్న హెచ్చరిక - ఇవన్నియు అందున్నవి. 1582లో కుమారుడు జేమ్స్‌ను స్కాట్లండు ప్రభువులు బలిమిని పట్టుకొనినప్పటి తల్లి దుఃఖమును ఉన్నది. ఆ కుమారుని ఆమె కడపట చూచినది 1567లో. నాటికి వానికి ఏడాది నిండలేదు.