స్వయం అధ్యయనం: గుర్తుండేలా చదవడం, సమయాన్ని నిర్వహించుకోవడం

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• గుర్తింపుకు, పునఃస్మరణకు ఉన్న తేడాను వివరించగలుగుతారు.
• పుస్తకం మూసి మిమ్మల్ని మీరు పరీక్షించుకొనే పద్ధతిని ఆచరించగలుగుతారు.
• మీ పనివేళలకు తగిన వారపు ప్రణాళికను తయారుచేసుకోగలుగుతారు.

1. పరిచయం

దూరవిద్యలో చేరినవారిలో చాలామంది ఉద్యోగమో, వ్యవసాయమో, ఇంటిపనో చేసుకొంటూ చదువుతారు. రెగ్యులర్ కళాశాలలో గంట కొట్టేవారు, హాజరు తీసుకొనేవారు, ప్రశ్నలు అడిగేవారు ఉంటారు. మీకు పాఠ్యపుస్తకాలు, అధ్యయన కేంద్రంలో కౌన్సెలింగ్ తరగతులు ఉంటాయి. ఏ రోజు ఏది చదవాలో నిర్ణయించుకోవలసింది, చదివింది వచ్చిందో లేదో తేల్చుకోవలసింది మీరే.

చాలా ఏళ్ల తరువాత మళ్లీ పుస్తకం పట్టినవారు తరచు అనే మాట ఒకటుంది: “ఎంత చదివినా గుర్తుండటం లేదు. ఈ వయసులో నాకిక చదువు రాదు.” ఇలా అనుకొని పరీక్ష ఫీజు కట్టకుండా ఆగిపోయేవారూ ఉన్నారు. కాని చాలా సందర్భాలలో లోపం జ్ఞాపకశక్తిలో ఉండదు, చదివే పద్ధతిలో ఉంటుంది. పద్ధతిని ఏ వయసులోనైనా మార్చుకోవచ్చు.

2. మళ్లీ మళ్లీ చదివితే చాలదా?

ఒక పాఠాన్ని మూడోసారి చదువుతుంటే ప్రతి వాక్యమూ తెలిసినట్లే ఉంటుంది. ఇది గుర్తింపు. ఎదురుగా ఉన్నదాన్ని చూసి “ఇది నాకు తెలుసు” అనుకోవడమే గుర్తింపు. పరీక్ష హాలులో మీ ఎదుట ప్రశ్న మాత్రమే ఉంటుంది, పాఠం ఉండదు. అక్కడ కావలసింది పునఃస్మరణ, అంటే ఎదురుగా లేని విషయాన్ని మనసులోంచి పైకి తెచ్చుకోవడం. గుర్తింపును మాత్రమే అభ్యాసం చేసి పునఃస్మరణను ఆశించడం వల్లనే “చదివాను కాని రాయలేకపోయాను” అనే పరిస్థితి వస్తుంది.

అమెరికన్ మనోవిజ్ఞాన శాస్త్రవేత్తలు హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికె 2006లో ప్రచురించిన ప్రయోగం దీన్ని స్పష్టం చేస్తుంది. కళాశాల విద్యార్థులకు చిన్న గద్యభాగాలు ఇచ్చారు. కొన్నింటిని రెండుసార్లు చదవమన్నారు. మరికొన్నింటిని ఒకసారి చదివి, తరువాత చూడకుండా గుర్తున్నంత రాయమన్నారు. అయిదు నిమిషాల తరువాత పరీక్షిస్తే రెండుసార్లు చదివినవారికి 81 శాతం, చదివి రాసినవారికి 75 శాతం గుర్తుంది. వారం తరువాత ఫలితం తారుమారైంది. రెండుసార్లు చదివినవారికి 42 శాతం, చదివి రాసినవారికి 56 శాతం గుర్తుంది. మళ్లీ చదవడం వల్ల వచ్చే లాభం అప్పటికప్పుడు కనిపిస్తుంది కాబట్టే దాన్ని నమ్ముతాం. మన పరీక్షలు మాత్రం నెలల తరువాత జరుగుతాయి.

3. పుస్తకం మూసి రాయడం: ఒక ఉదాహరణ

పగలు బట్టల దుకాణంలో పనిచేస్తూ, రాత్రి రాజనీతిశాస్త్రం చదువుకొనే ఒక విద్యార్థినిని ఊహించుకోండి. ఆమె ప్రాథమిక హక్కుల పాఠం ఒకసారి శ్రద్ధగా చదివింది. పుస్తకం మూసి, తెల్లకాగితం మీద హక్కుల పేర్లు రాసింది. సమానత్వపు హక్కు, స్వేచ్ఛా హక్కు, మత స్వాతంత్ర్యపు హక్కు, సాంస్కృతిక విద్యా హక్కులు గుర్తొచ్చాయి. అయిదోది ఆస్తి హక్కు అని రాసింది. ఆరోది ఎంత ఆలోచించినా తట్టలేదు.

ఆమె వెంటనే పుస్తకం తెరవకుండా రెండు నిమిషాలు ప్రయత్నించి, అప్పుడు సరిచూసుకొంది. పీడనాన్ని నిరోధించే హక్కు, రాజ్యాంగ పరిహారపు హక్కు తప్పిపోయాయి. ఆస్తి హక్కును 1978లో 44వ రాజ్యాంగ సవరణ ద్వారా ప్రాథమిక హక్కుల నుంచి తొలగించారని, ఇప్పుడది చట్టబద్ధమైన హక్కు మాత్రమేనని గమనించింది. ఈ మూడు అంశాలను ఎర్ర సిరాతో రాసుకొంది. మరునాడు ఆమె పాఠమంతా చదవనక్కరలేదు. ఆరు పేర్లూ మళ్లీ చూడకుండా రాసి, ఎర్ర సిరా అంశాలు వచ్చాయో లేదో చూసుకొంటే చాలు.

గుర్తు రాక తడబడిన ఆ రెండు నిమిషాలు వృథా కాదు. ఆ ప్రయత్నమే అభ్యసనం. అయితే సరిచూసుకోవడం మరచిపోవద్దు. లేకపోతే తప్పే స్థిరపడిపోతుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1
పై పేజీ చూడకుండా రాయండి: గుర్తింపుకు, పునఃస్మరణకు తేడా ఏమిటి? వారం తరువాత ఏ పద్ధతిలో చదివినవారికి ఎక్కువ గుర్తుంది?

4. వ్యవధి ఇచ్చి చదవడం

జర్మన్ శాస్త్రవేత్త హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ అర్థంలేని అక్షర సముదాయాలను తానే వల్లెవేసి, తన మరపును తానే కొలిచి 1885లో ఆ ఫలితాలు ప్రచురించాడు. మరపు మొదటి గంటల్లో వేగంగా, తరువాత నెమ్మదిగా సాగుతుందని ఆయన గుర్తించాడు. ఒకే రోజు వరుసగా 68 సార్లు వల్లెవేస్తే వచ్చిన ఫలితం, మూడు రోజులకు పంచి 38 సార్లు వల్లెవేసినా వచ్చింది. తీరిక తక్కువగా ఉన్నవారికి ఇది మేలైన వార్త.

కాబట్టి చదివిన రోజు ఒకసారి, మరునాడు ఒకసారి, ఆ వారాంతంలో ఒకసారి, మూడు వారాలకు మరొకసారి పుస్తకం మూసి రాయండి. ఇది కచ్చితమైన సూత్రం కాదు. మీ వీలునుబట్టి రోజులు మార్చుకోవచ్చు. అన్నీ ఒకే రాత్రికి పెట్టుకోకపోవడమే ముఖ్యం.

5. సమయ నిర్వహణ

పనికి పట్టే సమయాన్ని మనం తక్కువగా అంచనా వేస్తాం. బ్యూలర్, గ్రిఫిన్, రాస్ అనే పరిశోధకుల 1994 నాటి అధ్యయనంలో, పరిశోధన వ్యాసాన్ని సగటున 34 రోజుల్లో ముగిస్తామన్న విద్యార్థులకు 55 రోజులకు పైగా పట్టింది. అందుచేత ప్రణాళిక వేసేటప్పుడు కింది మూడు విషయాలు పాటించండి.

(అ) “రోజూ చదువుతాను” అనకుండా, ఇప్పటికే అలవాటైన పనికి చదువును ముడిపెట్టండి. ఉదాహరణకు: “రాత్రి భోజనమై గిన్నెలు సర్దగానే 30 నిమిషాలు వంటింటి బల్ల దగ్గర కూర్చుంటాను.”
(ఆ) వారంలో ఆరు రోజులకే పని వేసుకోండి. ఏడో రోజు, తప్పిపోయిన పనికి. నాట్ల రోజులు, పెళ్లిళ్లు, పిల్లల జ్వరాలు వస్తూనే ఉంటాయి.
(ఇ) ఒకరోజు తప్పితే మరునాడు రెట్టింపు చదవాలని పూనుకోవద్దు. ఆ రోజు పనిని యథావిధిగా చేయండి.

6. సారాంశం

పాఠం తెలిసినట్లు అనిపించడం, వచ్చినట్లు కాదు. పుస్తకం మూసి రాయడం, సరిచూసుకోవడం, వ్యవధి ఇచ్చి మళ్లీ రాయడం – ఈ మూడింటికీ ఖర్చు లేదు, కాగితం, కలం చాలు. మొదటి వారం గుర్తొచ్చేది కొద్దిగానే ఉంటుంది. దాన్నిబట్టి మీ శక్తిని అంచనా వేయవద్దు. మొదటి రోజు కాగితాన్ని దాచి, మూడు వారాల తరువాత రాసినదానితో పోల్చండి.

నమూనా ప్రశ్నలు

1. మళ్లీ మళ్లీ చదవడంలోని పరిమితులను ప్రయోగం ఆధారంగా వివరించండి.
2. మీ పాఠ్యాంశాలలో ఒకదానికి మూడు వారాల పునశ్చరణ ప్రణాళికను రూపొందించండి.