పీటీటీ నొక్కగానే రేడియో ఆఫ్ అవుతోందా? సర్వీస్‌కి పంపే ముందు మల్టీమీటర్ తీయండి

కొత్తగా హామ్ లైసెన్సు తెచ్చుకున్నవాళ్లకి బాగా తెలిసిన సీన్ ఇది. ఆఫీసు నుంచి వచ్చి రేడియో ఆన్ చేస్తాం. స్క్రీన్ మీద వాటర్‌ఫాల్ అందంగా జారుతుంటుంది, 7 మెగాహెర్ట్జ్‌లో ఎవరెవరో మాట్లాడుకుంటుంటారు, అంతా బాగానే వినిపిస్తుంది. మైక్ తీసుకుని పీటీటీ నొక్కి కాల్‌సైన్ మొదలుపెడతాం. రెండో అక్షరం దగ్గర స్క్రీన్ నల్లబడుతుంది. మళ్లీ కంపెనీ లోగో, మళ్లీ బూట్.

అప్పుడు బుర్రలోకి వచ్చే మొదటి మాట: "ఫైనల్స్ పోయాయి." నెలల తరబడి జీతంలో దాచి కొన్న సెట్టు, పార్సిల్ చేసి పంపాలి, ఎన్ని వారాలు పడుతుందో తెలీదు, ఎంత బిల్లు వేస్తారో తెలీదు.

ఆగండి. ఇలాంటి కేసుల్లో రేడియో తప్పు లేకుండానే బయటపడే అవకాశం చాలా ఎక్కువ. దొంగ సాధారణంగా రేడియో వెనక ఉంటాడు: పవర్ సప్లై, వైరు, ఫ్యూజ్ హోల్డర్, కనెక్టర్. నా దగ్గరా అదే అయింది. ఆ కథ కాస్త తర్వాత. ముందు లెక్క.

65 వాట్ల ఫోన్ చార్జర్ చాలదా?

ఫోన్ల సైట్ చదివేవాళ్లు అడిగే మొదటి ప్రశ్న ఇదే కాబట్టి ఇక్కడి నుంచే మొదలుపెడదాం. ఐకామ్ ఐసీ-705 లాంటి చిన్న సెట్టు అయితే తన బ్యాటరీ మీద 5 వాట్లు, బయటి నుంచి 13.8 వోల్టులు ఇస్తే 10 వాట్లు పంపుతుంది. దాని బ్యాటరీని యూఎస్‌బీతో కూడా చార్జ్ చేసుకోవచ్చు. కానీ ఐసీ-7300 లాంటి 100 వాట్ల సెట్టు సంగతి వేరు. ఊరికే వింటున్నప్పుడు దానికి ఒక్క ఆంప్ సరిపోతుంది. ఫుల్ పవర్‌తో పంపేటప్పుడు 21 ఆంప్స్ దాకా లాగుతుంది. 13.8ని 21తో గుణిస్తే దాదాపు 290 వాట్లు. అంటే యాంటెన్నాలోకి 100 వాట్లు పోవడానికి గోడ వైపు నుంచి మూడింతలు కావాలి, మిగతాదంతా వేడి.

ఈ ఒకటికి ఇరవైకి మధ్య తేడాలోనే ఉంది అసలు విషయం. "రిసీవ్ బాగుంది, కాబట్టి పవర్ బాగుంది" అన్నది తప్పుడు తీర్మానం. ఒక్క యూజర్‌తో టెస్ట్ చేసి ప్రొడక్షన్‌కి పంపినట్టే. సప్లై మీది డిస్‌ప్లేలో 13.8 కనిపిస్తోందన్నా అంతే, ఆ అంకె సప్లై దగ్గరిది. రేడియోకి ఎంత చేరుతోందో అది చెప్పదు. ఐకామ్ ఈ సెట్టుకి ఇచ్చిన పరిమితి 13.8 వోల్టులకి 15 శాతం అటూ ఇటూ, అంటే కింద 11.7, పైన 15.9. ఆ కింది గీత దాటాక రేడియో ఆఫ్ అయినా, రీస్టార్ట్ అయినా, వాయిస్ గరగరలాడినా దాన్ని తప్పుపట్టలేం.

కొలవాల్సింది ఎక్కడ, ఎప్పుడు

ముందు యాంటెన్నా తీసేసి 50 ఓమ్‌ల డమ్మీ లోడ్ పెట్టండి. దీనికి రెండు కారణాలు. మీ తిప్పలు బ్యాండ్ మీద ఉన్నవాళ్లందరికీ వినిపించక్కర్లేదు, అది మొదటిది. రెండోది ముఖ్యమైనది: డమ్మీ లోడ్ మీద కూడా సెట్టు ఆఫ్ అయితే తప్పు పవర్ వైపు ఉంది. డమ్మీ లోడ్ మీద నిక్షేపంగా పనిచేసి యాంటెన్నా పెట్టగానే, అదీ ఒకటి రెండు బ్యాండ్లలోనే చచ్చిపోతే, మీరు పంపే ఆర్‌ఎఫ్ తిరిగి మీ గదిలోకే వస్తోంది. ఈ ఒక్క పరీక్షతో సగం పని అయిపోతుంది.

తర్వాత మోడ్. ఎస్ఎస్‌బీలో మాట్లాడుతూ కొలవకండి. మాటల మధ్య కరెంట్ పైకీ కిందికీ గెంతుతుంటుంది, మామూలు మల్టీమీటర్ దాని సగటు చూపించి ఊరుకుంటుంది. ఎఫ్ఎం గానీ, సీడబ్ల్యూలో కీ నొక్కిపట్టి గానీ కొలవండి, క్యారియర్ స్థిరంగా ఉంటుంది. పవర్ 10 వాట్ల నుంచి మొదలుపెట్టి మెల్లగా పెంచండి. ప్రతిసారీ కొన్ని సెకన్లు చాలు.

ఇప్పుడు రెండు చోట్ల చదవండి. ఒకటి, సప్లై టెర్మినల్స్ మీద. రెండు, రేడియో వెనక కనెక్టర్ దగ్గర. ప్రోబులు జారి ప్లస్, మైనస్ తగలకుండా చూసుకోండి, 30 ఆంప్స్ సప్లై స్పార్క్‌తో ఆగదు. సప్లై దగ్గరే వోల్టేజీ కుంగిపోతే నేరం సప్లైది. సప్లై గట్టిగా నిలబడి రేడియో దగ్గర మాత్రం తగ్గితే మధ్యలో దారిలో పోతోంది.

ఇక నా కథ. కొండాపూర్ ఫ్లాట్‌లో టేబుల్‌ని కిటికీ పక్కకి జరిపాను. పవర్ కేబుల్ అందలేదు. ఇంట్లో మిగిలిన 1.5 స్క్వేర్ ఎంఎం వైరు రెండు మీటర్లు కలిపేశాను, మధ్యలో ఒక చవక ఇన్‌లైన్ ఫ్యూజ్ హోల్డర్. వినడానికి ఏ ఇబ్బందీ లేదు. పంపబోతే బూట్. డమ్మీ లోడ్ మీద పెంచుకుంటూ పోతే 20 ఆంప్స్ దగ్గర సప్లై టెర్మినల్స్ మీద 13.7, రేడియో దగ్గర 11.8. దారిలో 1.9 వోల్టులు మాయం. మీటర్ సగటే చూపిస్తుంది కాబట్టి, మాట మొదలైన క్షణంలో అది 11.7 కిందికి దిగుతోందని ఊహించడం కష్టం కాదు.

ఆ 1.9 ఎక్కడ పోయింది? పంపుతూనే ఒక్కో ముక్కకి అటొక ప్రోబు ఇటొక ప్రోబు పెట్టి చదివాను. 1.5 స్క్వేర్ ఎంఎం రాగి వైరుకి కిలోమీటరుకి 12.1 ఓమ్‌ల రెసిస్టెన్స్ ఉంటుంది. రెండు మీటర్లంటే పోనూ రానూ నాలుగు మీటర్లు, 48 మిల్లీఓమ్‌లు, 20 ఆంప్స్‌కి దాదాపు ఒక వోల్టు. మీటర్ కూడా అదే చెప్పింది. పాత కేబుల్‌లో 0.3. మిగిలిన 0.6 ఎక్కడంటే, ఆ ఫ్యూజ్ హోల్డర్‌లో! గోరంత స్ప్రింగు ముక్కలో 0.6 వోల్టులు, 20 ఆంప్స్, అంటే 12 వాట్ల వేడి. ముట్టుకుంటే ప్లాస్టిక్ మెత్తగా వంగింది. ఇంకో వారం అలాగే వాడి ఉంటే రేడియో రీస్టార్ట్ అవడం కాదు, కర్టెన్ గురించి ఆలోచించాల్సి వచ్చేది.

రాణిగంజ్ వెళ్లి 6 స్క్వేర్ ఎంఎం వైరు తెచ్చాను. దాని రెసిస్టెన్స్ కిలోమీటరుకి 3.08 ఓమ్‌లే, అదే నాలుగు మీటర్లకి పావు వోల్టు పోతుంది. బ్లేడ్ ఫ్యూజ్ హోల్డర్ కోఠీ గుజరాతీ గల్లీలో దొరికింది. అన్నట్టు, ఫ్యూజ్ రెండు వైర్లలోనూ, సప్లైకి దగ్గరగా ఉండాలి. ఒక్క ఫ్యూజ్ తీసేస్తే డ్రాప్ తగ్గుతుంది కదా అని ఎవరైనా సలహా ఇస్తే నవ్వి ఊరుకోండి.

సర్వర్ సప్లై మోజు

మన ఏరియాలో ఈ రోగం ఎక్కువ. డేటా సెంటర్ నుంచి తీసేసిన పాత సర్వర్ పవర్ సప్లై స్క్రాప్‌లో చవకగా దొరుకుతుంది, 12 వోల్టులు, 50 ఆంప్స్ పైనే. ఇంజినీర్ మనసు ఆగుతుందా? కానీ లెక్క చూడండి. అది ఇచ్చేది 12 చిల్లర. రేడియో కింది గీత 11.7. మొత్తం దారిలో మీరు పోగొట్టుకోగలిగింది అర వోల్టు కూడా లేదు. ఆంప్స్ ఎన్ని ఉన్నా వోల్టులే లేవు. లోపలి సర్క్యూట్ మార్చి 13.8కి పెంచుకునేవాళ్లున్నారు. ఆ డబ్బా లోపల 230 వోల్టుల ఏసీని డీసీ చేశాక 325 వోల్టులు కెపాసిటర్లలో ఉంటాయి, ప్లగ్ పీకాక కూడా కొంతసేపు అక్కడే కూర్చుంటాయి. సాఫ్ట్‌వేర్ బగ్ మనల్ని చంపదు, ఇది చంపుతుంది. చేయి తిరిగినవాళ్లు పక్కన లేకుండా మూత తీయొద్దు.

విదేశం నుంచి బంధువులు తెచ్చిన సప్లై అయితే వెనక 115/230 స్విచ్ ఉందేమో ముందే చూడండి. 115 మీద వదిలేసి మన ప్లగ్‌లో పెడితే ఒక్క ఢాం శబ్దంతో కథ ముగుస్తుంది.

పాత ట్రాన్స్‌ఫార్మర్ రకం లీనియర్ సప్లైకి ఇంకో ప్రమాదం, ఇది వోల్టేజీ తగ్గడం కంటే ఘోరం. దానిలోని పాస్ ట్రాన్సిస్టర్ షార్ట్ అయితే 13.8 బదులు 20 దాటిన వోల్టేజీ నేరుగా రేడియోలోకి వెళ్తుంది. దీన్ని ఆపడానికే క్రోబార్ అనే సర్క్యూట్ ఉంటుంది: వోల్టేజీ హద్దు దాటగానే ఒక ఎస్‌సీఆర్ అవుట్‌పుట్‌ని కావాలనే షార్ట్ చేసి ఫ్యూజ్ ఎగరగొడుతుంది. సెకండ్ హ్యాండ్ లీనియర్ కొంటుంటే అడగాల్సిన మొదటి ప్రశ్న "క్రోబార్ ఉందా?" బరువు, రంగు తర్వాత.

బ్యాటరీల సంగతి కొంచెం. ఇన్వర్టర్ లెడ్ యాసిడ్ బ్యాటరీ ఫుల్ చార్జ్‌లో ఉన్నా విశ్రాంతిగా 12.7 దగ్గరే ఉంటుంది, లోడ్ పడితే ఇంకా దిగుతుంది. కాబట్టి సన్న వైరు దాని మీద ఇంకా త్వరగా దొరికిపోతుంది. నాలుగు సెల్స్ ఎల్ఎఫ్‌పీ ప్యాక్ చాలాసేపు 13 చుట్టూ నిలబడుతుంది, హామ్‌లకి అదంటే ఇష్టం అందుకే. కానీ లోపలి బీఎంఎస్ ఎన్ని ఆంప్స్‌కి కట్ చేస్తుందో చూసి కొనండి. చిన్న ప్యాక్‌లో అది 20 కంటే తక్కువుంటే పీటీటీ నొక్కగానే టెర్మినల్స్ మీద సున్నా. రేడియో మళ్లీ బూట్ కాకుండా పూర్తిగా చీకటైపోయిందంటే బీఎంఎస్‌ని అనుమానించండి.

వినిపించేదంతా చార్జర్లే

గచ్చిబౌలి, మాదాపూర్ అపార్ట్‌మెంట్లలో ఇంకో ఫిర్యాదు: రేడియో పాడైంది, ఏమీ వినిపించట్లేదు, అంతా బుస్సుమంటోంది. రేడియోకి ఏమీ కాలేదు. మీ చుట్టూ నూటికి నూరు ఇళ్లలో ఎల్ఈడీ డ్రైవర్లు, ఫోన్ అడాప్టర్లు, లిఫ్ట్ మోటార్ డ్రైవ్‌లు, బేస్‌మెంట్‌లో ఈవీ చార్జర్లు. వీటిలో ఎక్కువ భాగం సెకనుకి వేల సార్లు స్విచ్ అయ్యే సర్క్యూట్లే. వాటర్‌ఫాల్ మీద సమాన దూరాల్లో నిలువు గీతలు కనిపిస్తే, ఆ దూరమే ఏదో ఒక సప్లై స్విచింగ్ ఫ్రీక్వెన్సీ అనుకోవచ్చు.

పరీక్ష సింపుల్. రేడియోని బ్యాటరీ మీద పెట్టండి, ఇంట్లో మెయిన్ ఎంసీబీ దించేయండి. శబ్దం పోతే దొంగ ఇంట్లోనే ఉన్నాడు, ఒక్కో ఎంసీబీ ఎత్తుకుంటూ వెళ్లండి, ఏది ఎత్తగానే శబ్దం వచ్చిందో ఆ గదిలో ఒక్కో ప్లగ్ పీకండి. చాలాసార్లు అది మీరు ముద్దుగా కొనుక్కున్న పేరులేని చార్జరో, రేడియో సప్లైయో అయి ఉంటుంది. మెయిన్ దించినా శబ్దం అలాగే ఉంటే పొరుగింటిది. లడ్డూలు పట్టుకుని మాట్లాడటానికి వెళ్లాలి, వేరే టెక్నాలజీ లేదు.

ఫెరైట్ గురించి ఒక మాట. వైరు మీద ఒక్క క్లిప్ తగిలించి "పనిచేయలేదు" అంటారు. 1 నుంచి 10 మెగాహెర్ట్జ్ మధ్య గొడవకి మిక్స్ 31 అనే రకం బాగా పనిచేస్తుంది, కానీ వైరుని దాని చుట్టూ చాలాసార్లు తిప్పాలి. చుట్లు రెట్టింపైతే అడ్డుకునే శక్తి సుమారు నాలుగింతలు. ఎఫ్‌టీ8 పంపగానే ల్యాప్‌టాప్ నుంచి యూఎస్‌బీ డిస్‌కనెక్ట్ అవుతున్నా మందు ఇదే: యూఎస్‌బీ కేబుల్‌కి ఒక రింగు, బాల్కనీ యాంటెన్నా నుంచి వచ్చే కోయాక్స్‌కి ఇంకొకటి. డ్రైవర్ రీఇన్‌స్టాల్ చేస్తూ ఆదివారం పాడుచేసుకోకండి.

కరెంట్ లేనప్పుడే అసలు పరీక్ష

ఇంత హంగామా ఎందుకు, గేటెడ్ కమ్యూనిటీలో డీజీ బ్యాకప్ ఉందిగా అంటే, 2004 డిసెంబర్ గుర్తు చేయాలి. మన సోమాజిగూడ రాజ్‌భవన్ రోడ్డులో ఉన్న నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో 1983 నుంచి ఉంది. ఆ నెలలో ఆ సంస్థ తరఫున భారతీ ప్రసాద్, కాల్‌సైన్ వీయూ2ఆర్‌బీఐ, తన బృందంతో పోర్ట్ బ్లెయిర్‌లో ఉన్నారు. అండమాన్ నుంచి ప్రపంచంలోని హామ్‌లతో మాట్లాడటానికి, సరదాకి వేసిన స్టేషన్ అది. 26న సునామీ వచ్చింది. ఫోన్లు మూగబోయాయి. అదే స్టేషన్ అప్పటికప్పుడు ఎమర్జెన్సీ స్టేషన్ అయి, ద్వీపాల్లో ఉన్నవాళ్ల క్షేమ సమాచారాన్ని ప్రధాన భూభాగానికి చేరవేసింది.

అలాంటి రోజున గోడలో కరెంట్ ఉండదు, రెండో వైరు కొనడానికి రాణిగంజ్ తెరిచి ఉండదు. అందుకే నెలకోసారి సప్లై తీసేసి బ్యాటరీ మీద డమ్మీ లోడ్‌కి పంపి, రేడియో దగ్గర వోల్టేజీ రాసుకుంటున్నాను. బ్యాటరీ వయసు పెరిగేకొద్దీ ఆ అంకె తగ్గడం కనిపిస్తుంది. కనెక్టర్లు పంపిన వెంటనే చేత్తో ముట్టుకుని చూస్తాను, ఏది వెచ్చగా ఉంటే దాన్ని విప్పి, శుభ్రం చేసి బిగిస్తాను.

లైసెన్సు ఇంకా రానివాళ్లు దయచేసి పీటీటీ జోలికి పోకండి. టెలికాం శాఖ డబ్ల్యూపీసీ వింగ్ ఇచ్చే లైసెన్సు చేతికొచ్చే దాకా వినడం, నాయిస్ వేట, వైరింగ్ పూర్తి చేసుకోండి. రెస్ట్రిక్టెడ్ గ్రేడ్ అయితే 100 వాట్ల సెట్టుని ఫుల్ పవర్‌కి పెట్టే అనుమతే ఉండదని కూడా గుర్తుంచుకోండి.

నా సెట్టు సంగతంటారా, వైరు మార్చాక అదే 20 ఆంప్స్ దగ్గర రేడియో వెనక 13.1 చూపించింది. మర్నాడు పొద్దున కాల్‌సైన్ మొత్తం ఒక్క ఊపులో చెప్పగలిగాను.