ఒడ్డూ పొడుగూ చూసి లగ్గం చీర

చీరకు కత్తెర తగలదు. గౌనుకైతే దర్జీ నడుము దగ్గర ఒక కోత, తొడల దగ్గర ఒక కోత పెట్టి ఆకారం తెస్తాడు. చీరకు ఆకారం నేతలోంచి, అంచు వెడల్పులోంచి, కుచ్చిళ్లలోంచి, పైన వేసుకునే రవికలోంచి వస్తుంది. అందుకే పెండ్లికూతురి ఒంటికి ఏది నప్పుతుందన్న ప్రశ్నకు సగం జవాబు మగ్గం దగ్గర, సగం దర్జీ దగ్గర ఉంటుంది. రంగు ఆ తరువాతి మాట. కొట్లో మాత్రం బేరం రంగుతోనే మొదలవుతుంది.

ఈ విషయంలో నల్గొండ జిల్లా నార్కట్‌పల్లి వాళ్లు అదృష్టవంతులు. 65వ నంబరు జాతీయ రహదారి మీద చౌటుప్పల్ వైపు పోతే అక్కడి నుంచి పోచంపల్లి, పుట్టపాక దగ్గరే. పాత పాలమూరు జిల్లాలోకి దిగితే నారాయణపేట, కృష్ణా తుంగభద్రల నడుమ గద్వాల ఉన్నాయి. జిల్లాల పేర్లు 2016లో, ఆ తరువాత 2019లో మారాయి కానీ నేత మారలేదు. ఒక్కో ఊరి చీర ఒంటి మీద ఒక్కో తీరుగా నిలుస్తుంది.

ముందు పొడుగు లెక్క. చీర పన్నా మామూలుగా 46 నుంచి 48 అంగుళాలు. 5 అడుగుల అమ్మాయికి బొడ్డు నుంచి నేల దాకా సుమారు 36 అంగుళాలు. మిగిలిన పది, పన్నెండు అంగుళాలను నడుము దగ్గర లోపలికి దోపాల్సిందే. రెండు వైపులా వెడల్పాటి జరీ అంచున్న చీరలో ఆ పై అంచంతా లంగా బొందు దగ్గర మడతలు పడుతుంది. సన్నగా ఉన్న పిల్లకు కూడా కుచ్చిళ్లు దోపిన చోట పొట్ట ఉన్నట్టు కనిపించేది దీనివల్లే. కింది అంచు పది అంగుళాలుంటే కనిపించే 36లో నాలుగో వంతు దాటి జరీయే అవుతుంది, కాళ్లు పొట్టిగా అనిపిస్తాయి. పొట్టిగా ఉన్నవాళ్లు పై అంచు సన్నగా, కింది అంచు మూడు నాలుగు అంగుళాలకు మించకుండా ఉన్న చీర అడగడం మేలు. 5 అడుగుల 8 అంగుళాల అమ్మాయి సంగతి వేరు. ఆమెకు దోపడానికి మిగిలేదే ఐదారు అంగుళాలు, పెద్దంచు ఆమె పొడుగును రెండుగా విడగొట్టి నిండుదనం ఇస్తుంది. పన్నా కొలిచి చూసుకోవాల్సింది కూడా ఆమే.

ఎత్తు మడమల చెప్పుల మీద నిలబడి చీర కట్టించుకోవడం ఇప్పుడు మామూలైంది. మండపంలో చెప్పులుండవు. ఆ కొలతకు కట్టిన చీర ఏడడుగులప్పుడు కాళ్ల కింద పడుతుంది.

ఇక నేత. సంప్రదాయపు గద్వాల చీరలో నడిమి భాగం నూలు, అంచు, కొంగు పట్టు. నూలు, పట్టు కలిసే చోట పేక దారాలు ఒకదాన్నొకటి మెలేసుకుంటాయి. రెండు అంచులకు రెండు, నడిమికి ఒకటి, మొత్తం మూడు నాడెలు ఆడాలి కాబట్టి మగ్గం మీద మామూలుగా ఇద్దరు కూర్చుంటారు. తిరుమల బ్రహ్మోత్సవాలకు గద్వాల సంస్థానం తరఫున జోడు పంచెలు వెళ్లేది ఈ ఊరి నుంచే. ఒంటి మీద గద్వాల గుణం ఏమిటంటే, నూలు కాస్త గంజి పట్టినట్టు ఎడంగా నిలబడుతుంది, బరువైన పట్టు అంచు కుచ్చిళ్లను నిలువుగా కిందికి లాగుతుంది. బక్కపలచగా ఉన్న అమ్మాయికి ఇంతకంటే నప్పే చీర వెతకడం కష్టం. తుంటి దగ్గర వెడల్పున్నవాళ్లు మాత్రం పూర్తి పట్టుతో నేసిన గద్వాల తీసుకుంటే కుచ్చిళ్లు ఉబ్బవు.

నారాయణపేట చీర తేలిక. చిన్న గళ్లు, ఒంటిని అంటుకుని జారే గుణం. నిండైన ఒంటికి సాఫుగా కూర్చుంటుంది, సన్నని ఒంటిని ఇంకా సన్నగా చూపిస్తుంది. లగ్గం కంటే ప్రధానానికి, పసుపు రోజుకు ఇది హాయి.

పోచంపల్లి పట్టులో ఆకారం తెచ్చేది చిటికి, అంటే నేయక ముందే దారాన్ని కట్టి రంగులద్దడం. అందుకే బొమ్మ అంచులు నీటిలో తడిసినట్టు మసకగా ఉంటాయి, ఒంటి మలుపులనూ ఆ మసక కొంత దాచేస్తుంది. చిక్కు బొమ్మ సైజుతోనే. జానెడు వెడల్పు డైమండు పొట్టి పిల్ల ఒంటి మీద రెండు మడతలకే అయిపోతుంది, చూపు అక్కడే ఆగుతుంది. ఆమెకు బొటనవేలంత బొమ్మలున్నది కావాలి. మగ్గం మీద ప్రత్యేకంగా నేయించుకునేవాళ్లు ఈ మాట ఆసు పోయక (దారం చుట్టక) ముందే చెప్పాలి, దారం కట్టి రంగులో ముంచాక మార్చేదేమీ లేదు. ఆలేరు దగ్గరి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం తన తల్లి భుజాల నొప్పి చూసి యంత్రం చేసింది ఈ ఆసు పనికే. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

నిలబడ్డ ఆకారం గురించే అందరూ ఆలోచిస్తారు. లగ్గంలో పెండ్లికూతురు ఎక్కువసేపు పీట మీద కూర్చునే ఉంటుంది. బిరుసు టిష్యూ పట్టు కట్టుకుని బాసిపట్లు వేసుకుని కూర్చుంటే కుచ్చిళ్లు ఒళ్లో గొడుగులా లేస్తాయి. కూర్చున్నప్పుడు వడ్డాణం పొట్టను నొక్కుతుంది, నడుము పొట్టిగా ఉన్నవాళ్లకు రొమ్ముకూ వడ్డాణానికీ మధ్య జాగానే మిగలదు. వాళ్లు వడ్డాణాన్ని వదులుగా, ఓ రెండు వేళ్లు కిందికి పెట్టుకోవడం ఒక్కటే దారి.

కూర్చున్న మనిషిలో కనిపించేది రవిక. భుజాలు వెడల్పుంటే బుట్ట చేతులు, బోట్ నెక్ వద్దు, లోతైన మెడ మేలు. భుజాలు కుంచించుకున్నట్టుంటే వద్దన్న ఆ రెండే మేలు. రొమ్ము నిండుగా ఉన్నవాళ్లకు మామూలు డార్ట్లకన్నా ప్రిన్సెస్ కట్ సాఫుగా కూర్చుంటుంది, కొంగు సన్న మడతలుగా పిన్ను చేయాలి. చేతులు లావుంటే చేతి అంచు మోచేతి దగ్గర ఆగాలి. జబ్బ మధ్యలో ఆగితే, ఆగిన చోటే కంటికి ఆనుతుంది. వేలకు వేలు పోసి వీపు మీద మగ్గం వర్క్ చేయించుకోవడం పెద్ద దండగ, దాని మీద పూలజడ పడుతుంది. మెడ ముందు భాగం దండల కింద పోతుంది. మిగిలేవి చేతులు. జీలకర్ర బెల్లం పెట్టేటప్పుడు, తలంబ్రాలు పోసేటప్పుడు అందరికీ కనిపించేవి అవే.

మధుపర్కాల గురించి ఇంత లెక్క అక్కర్లేదు. ఎర్రంచు తెల్ల నూలుచీర ఎవరి ఆకారాన్నీ పొగడదు, ఆ పని దానిది కాదు. లోపల మందపాటి తెల్ల లంగా ఉంటే చాలు.

రిసెప్షన్‌కు లెహెంగా, చర్చి పెండ్లికి తెల్ల గౌను కుట్టించుకునేవాళ్లకు కొలత మళ్లీ కత్తెర చేతికి పోతుంది. క్రిస్టియన్ డియోర్ 1955లో పేరు పెట్టిన ఏ-లైన్, నడుము నుంచి కిందికి మెల్లగా విచ్చుకునేది, దాదాపు ఏ ఒంటికైనా సరిపోతుంది. మన లంగావోణీ గేరూ దానికి చుట్టమే. రొమ్ము కింది నుంచే విచ్చుకునే ఎంపైర్ పొట్టను దాస్తుంది. మోకాళ్ల దాకా బిగించే మెర్మెయిడ్ పొడుగరికి బాగుంటుంది కానీ దానితో మోకాళ్ల మీద ప్రార్థన చేయడం కష్టం.

ఏది ఎంచుకున్నా ఫాల్ కుట్టించి, రవిక తొడిగి, ఇంట్లోనే ఒకసారి కట్టి చూడాలి. చెప్పులు లేకుండా అరగంట పీట మీద కూర్చుని, ఎదుటివాళ్ల తల మీదికి చేతులెత్తి, లేచి నాలుగడుగులు నడవాలి. కుచ్చిళ్లు జారకుండా, చంక దగ్గర బిగుసుకోకుండా ఉంటే కుదిరినట్టే. కుదరకపోతే సరిచేయడానికి దర్జీకి వారం కావాలి. మాఘమాసం లగ్గాల్లో ఆ వారం దొరకదు.