ఎక్స్‌రేకు భయం వద్దు, సీటీకి తొందర వద్దు

బిడ్డ చెయ్యి విరిగినా ఎక్స్‌రే అంటే జంకే తల్లిదండ్రులు మనలో ఉన్నారు. రేడియేషన్ మన కణాల్లోని క్రోమోజోములను తెంచగలదన్నది నిజమే. అయితే తెగినవాటిని కణమే చాలావరకు అతికించుకుంటుంది. ఎప్పుడైనా అతుకు తప్పితేనే చిక్కు.

కేరళలోని కరునాగపల్లి తీరంలో మోనజైట్ ఇసుక వల్ల సహజ రేడియేషన్ ఎక్కువ. అక్కడి నవజాత శిశువుల బొడ్డుతాడు రక్తాన్ని పరీక్షించిన శాస్త్రవేత్తలకు క్రోమోజోముల లోపాలు చెప్పుకోదగినంత పెరిగినట్టు కనిపించలేదు.

ప్రకృతి నుంచి మనిషికి అందేది ప్రపంచ సగటున ఏడాదికి 2.4 మిల్లీసీవర్టులు. ఛాతీ ఎక్స్‌రేతో అందేది సుమారు 0.1, పెద్దల ఛాతీ సీటీ స్కాన్‌తో సుమారు 7. ఎదిగే పిల్లలపై రేడియేషన్ ప్రభావం ఎక్కువ కనుక, సీటీ రాసినప్పుడు “తప్పనిసరా, డాక్టరుగారూ?” అని అడుగుదాం. పాత ఫిల్ములు దాచుకుందాం. బడిలో క్రోమోజోముల పాఠంతోపాటు ఈ మాటా చెబుదాం.