బియ్యం నిండుకున్నాయి

మన తెలుగిళ్ళలో ఒక చక్కని అలవాటు ఉన్నది. డబ్బాలో బియ్యం అయిపోతే ఇల్లాలు "బియ్యం లేవు" అనదు. "బియ్యం నిండుకున్నాయి" అంటుంది. దీపం ఆరిపోయిందనరు, కొండెక్కిందంటారు. గడప దాటేవారు "పోతాను" అనరు, "పోయివస్తాను" అంటారు. లేదనే మాట ఇంట వినబడరాదనీ, శుభమే పలకవలెననీ పెద్దలు ఏర్పరచిన మర్యాద ఇది. సానుకూల ఆలోచన అంటూ నేడు పుస్తకాలలోనూ ఉపన్యాసాలలోనూ బోధిస్తున్న సంగతి మన వంటింట్లో ఏనాటినుంచో ఉన్నదే.

అయితే ఈ మర్యాదలో మనం సాధారణంగా గమనించని విశేషం ఒకటున్నది. "బియ్యం నిండుకున్నాయి" అని ఇల్లాలు అనగానే ఇంటాయన డబ్బా నిండుగా ఉన్నదని మురిసి కూర్చోడు. సంచీ చేతబట్టుకొని బజారుకు బయలుదేరుతాడు. మాట తీయనిదే గాని కబురు నిజమైనది. వినేవానికి ఉన్న స్థితి తెలిసింది, చేయవలసిన పనీ తెలిసింది. ఈ రెండూ అందినప్పుడే అది మంచిమాట అవుతుంది. నిజం జారిపోయి తీపి ఒక్కటే మిగిలితే ఆ ఇంట రాత్రికి పొయ్యి వెలగదు.

ఈ సంగతి మాకు పుస్తకాలు చదివి తెలియలేదు. మేము చేసిన ఒక పొరపాటు వల్ల తెలిసినది. దానిని మన పత్రికలో చెప్పుకోవడం మంచిదని తోచి ఇది వ్రాస్తున్నాము.

కర్పూరం మూట

2021 ఏప్రిల్ నెల పాఠకులు మరచి ఉండరు. కరోనా రెండవ విజృంభణలో ఆసుపత్రులలో మంచాలు దొరకలేదు, ప్రాణవాయువు సిలిండర్లకు కరువు వచ్చినది. ఆ రోజులలో మన సంఘీయుల వాట్సాప్ బృందంలోకి ఒక సందేశం వచ్చినది. కర్పూరం, వాము, లవంగాలు గుడ్డలో మూటకట్టి వాసన చూస్తూ ఉంటే రక్తంలో ఆక్సిజన్ పెరుగుతుందని దాని సారాంశం. దేశమంతటా లక్షలాది ఫోన్లలో తిరిగిన సందేశమే అది. మేము దానిని మరి నాలుగు బృందాలకు పంపాము. పంపడంతో ఆగక, "తప్పక ఫలిస్తుంది, ఎవరూ అధైర్యపడవద్దు" అని మా మాట కూడా చేర్చాము. అందరూ భయపడుతున్నారు గదా, నాలుగు ధైర్యవచనాలు చెబితే పుణ్యమే గదా అనుకొన్నాము.

మా వీధిలో మగ్గం పని చేసే ఒక పెద్దాయన ఉన్నారు. మేము ఆయనను అన్నా అని పిలుస్తాము. అప్పుడాయనకు నాలుగు రోజులుగా జ్వరం. వేలికి తొడిగే మీటరులో ఆ సాయంత్రం 92 కనిపించింది. 94కు దిగితే వైద్యునికి చూపించవలెనని వైద్యులు చెబుతూనే ఉన్నారు. ఇంటివారు బయలుదేరబోతూ మా సందేశం చూశారు. మూట కట్టారు. ఆయనకు ఊపిరి తేలికగా ఆడుతున్నట్లు తోచినది. రాత్రికి ఆగుదామనుకొన్నారు. తెల్లవారి కూతురు మీటరు చూస్తే 85! ఆ పిల్ల ఇక ఎవరి మాటా వినక రిక్షా పిలిచింది. పన్నెండు రోజులు ఆక్సిజన్ మీద ఉండి ఆయన ఇల్లు చేరారు. దేవుని దయ.

కర్పూరం ఆవిరి ముక్కులోని చల్లదనం తెలిపే నరాలను తాకుతుంది. అందువల్ల గాలి బాగా ఆడుతున్నట్లు అనిపిస్తుంది. ఊపిరితిత్తులు రక్తానికి అందించే ప్రాణవాయువు దానివల్ల పెరగదు. పైగా కర్పూరం కడుపులోకి పోతే విషం; చిన్నపిల్లలకు మూర్ఛలు కూడా రాగలవు. ఇదంతా మేము తరువాత ఒక వైద్యుని అడిగి తెలుసుకొన్నాము. పంపకముందే అడగవలసినది.

కోలుకొన్న తరువాత ఆయనను చూడబోయాము. తప్పు ఒప్పుకొన్నాము. ఆయన కోపించలేదు. "తమ్మీ, నువ్వు మంచి మనసుతోనే పంపినవు. గని ఆ రాత్రి మేము మీటరు చూసుడు ఆపినం. నీ మాటే చూసినం" అన్నారు. తిట్టి ఉంటే ఇంత కాలం గుర్తుండేది కాదేమో.

మార్కండేయునికి చెప్పిన నిజం

మా షోలాపురంలో శ్రావణ పూర్ణిమనాడు మార్కండేయ స్వామి రథం వీధులలో కదలుతుంది. ఏటా ఆ రథం వెంట నడుస్తూనే ఉన్నాము. ఆ కథలోని ఒక ఘట్టం మాత్రం ఆ సంవత్సరమే మాకు మనసుకెక్కినది.

మృకండు మహర్షికి కలిగిన కొడుకుకు పదహారేండ్లే ఆయుర్దాయం. గడువు దగ్గరపడగా తల్లిదండ్రులు కుమిలిపోతూ ఉంటారు. పిల్లవాడు కారణం అడుగుతాడు. "ఏమీ లేదు నాయనా, అంతా మంచే జరుగుతుంది" అని వారు చెప్పి ఉండవచ్చును. కన్నవారికి అంతకంటె సులువైన మాట లేదు. కాని వారు నిజం చెప్పారు. నిజం విన్నవాడు గనుకనే మార్కండేయుడు శివలింగాన్ని కౌగిలించుకొన్నాడు, యముని పాశాన్ని ఎదిరించి చిరంజీవి అయినాడు. తల్లిదండ్రులు ప్రేమతో అబద్ధమాడి ఉంటే ఆ పిల్లవాడు ఆడుకొంటూ ఉండగానే గడువు తీరిపోయేది. అతని ఆశ గొప్పదే. ఆ ఆశకు పని కల్పించినది మాత్రం తల్లిదండ్రుల నిజం.

పాశ్చాత్యుల అనుభవం

ఆశావాదాన్ని ఒక పద్ధతిగా ప్రచారం చేసినవారిలో ఎమిల్ కూయే అనే ఫ్రెంచివాడు ముఖ్యుడు. 1857లో పుట్టి 1926లో మరణించిన ఈయన వృత్తిచేత మందుల దుకాణదారు. మందు ఇస్తూ దాని గుణాన్ని పొగిడితే రోగికి ఎక్కువ మేలు కలుగుతున్నదని ఆయన గమనించాడు. రోజురోజుకూ బాగుపడుతున్నానని ఉదయం, రాత్రి ఇరవైసార్లు అనుకోమని చెప్పేవాడు. లెక్క తప్పకుండా ఇరవై ముడులు వేసిన దారం వాడమనేవాడు, మన జపమాలవలె. అమెరికాలో నార్మన్ విన్సెంట్ పీల్ అనే మతాచార్యుడు 1952లో వెలువరించిన గ్రంథం ఈ భావాన్ని లోకమంతటా వ్యాపింపజేసినది.

ఇందులో సత్యం లేకపోలేదు. ధైర్యంగా ఉన్న రోగి మందు వేళకు మింగుతాడు, నాలుగు మెతుకులు తింటాడు. అయితే ఉత్త తలంపుతో సరిపెట్టుకొంటే ఏమగునో గాబ్రియేల్ ఓటింగెన్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞురాలు పరీక్షించి చూశారు. 1991లో ప్రకటించిన ఒక పరిశీలనలో బరువు తగ్గగోరిన 25 మంది స్త్రీలను తీసుకొన్నారు. శ్రద్ధగా చేస్తే తగ్గగలమని నమ్మినవారు బాగా తగ్గారు. అప్పుడే సన్నబడిపోయినట్లు తియ్యని ఊహలలో తేలినవారు మాత్రం, అట్టి ఊహలు లేనివారికంటె ఏడాదిలో దాదాపు 11 కిలోలు తక్కువ తగ్గారు. ఊహలోనే పండుగ జరిగిపోతే చేతులకు ఇక పని ఏమున్నది?

ఆమె చెప్పే ఉపాయం నాలుగు మెట్లది. ఏమి కావలెనో తలచుకోవడం మొదటి మెట్టు. అది దొరికితే కలిగే మేలు చూసుకోవడం రెండవది. దారిలో ఉన్న ఆటంకాన్ని దాచకుండా ఒప్పుకోవడం మూడవది. ఆ ఆటంకం ఎదురైనప్పుడు ఏమి చేయవలెనో ముందే నిశ్చయించుకోవడం నాలుగవది. పాఠకులు గమనించగలరు, మూడవ మెట్టు నిజాయితీ. అది లేనిదే నాలుగవ మెట్టుకు కాలు అందదు.

ఆవక్ జావక్ పుస్తకం

ఒక్క మనిషి తనలో తాను అబద్ధం అనుకొంటే నష్టం ఆ ఒక్కనికే. సంఘంలో పంచితే అందరికీ. ఇదివరలో గాలి కబురు ఊరి పొలిమేర దాటడానికి రోజులు పట్టేది. ఇప్పుడు వేలు కదిపితే చాలును. తీపి కబురు, భయం కబురు రెండూ ఒక దారినే వస్తాయి. పంపేవారు కూడా ఎక్కువమంది మంచి మనుషులే. పిల్లలను ఎత్తుకుపోయేవారు తిరుగుతున్నారు, జాగ్రత్త అని 2018లో ఇట్లాగే సందేశాలు వ్యాపించాయి. ఆ జులై 1వ తేదీన మన మహారాష్ట్రలోనే ధులే జిల్లా రాయిన్‌పాడాలో భిక్షాటనకు వచ్చిన ఐదుగురు సంచారజాతి వారిని మూక కొట్టి చంపినది. అదే నెల 13వ తేదీన కర్ణాటకలోని బీదరు జిల్లాలో హైదరాబాదుకు చెందిన ఒక యువ ఇంజనీరు ప్రాణం పోయినది. ఆ యువకుని బృందంలోనివారు బడిపిల్లలకు చాక్లెట్లు పంచినందుకు అనుమానం పుట్టినది. ఆ సందేశాలు పంపినవారిలో ఎంతమంది తామూ హంతకులమే అనుకొన్నారు? ఒక్కరూ అనుకొని ఉండరు. పిల్లల మేలు కోరి పంపామనే అనుకొని ఉంటారు.

ఆ జులైలోనే వాట్సాప్ సంస్థ మన దేశంలో ఒక సందేశాన్ని ఒకసారికి ఐదు చోట్లకు మించి పంపరాదని కట్టడి పెట్టినది. 2020 ఏప్రిల్ నుంచి చాలా చేతులు మారిన సందేశాన్ని ఒకసారికి ఒక్క చోటికే పంపగలము. ఐదు చేతులు, అంతకుమించి మారి వచ్చినదానిపై రెండు బాణాల గుర్తు కనిపిస్తుంది. యంత్రం చేయగలిగింది అంతవరకే. మిగిలినది మన పని.

మేము గుమాస్తా ఉద్యోగులము. మా ఆఫీసులో ఆవక్ జావక్ పుస్తకం ఉంటుంది. వచ్చిన ప్రతి కాగితానికీ ఎవరు పంపారు, ఏ తేదీ, ఏ సంగతి అని వ్రాసి నంబరు వేయనిదే అది సాహెబు బల్ల మీదికి పోదు. సంతకం లేని కాగితాన్ని పక్కన పెడతాము. పగలంతా ఇంత పట్టింపుగా ఉండే మేము సాయంత్రం ఇంటికి వచ్చి, ఊరు పేరు లేని సందేశాన్ని వందమందికి పంపామంటే ఏమనవలెను? అప్పటినుంచి మనసులో ఒక ఆవక్ పుస్తకం పెట్టుకొన్నాము. దీనిని మొదట చెప్పినదెవరు? ఏనాటిది? నాకు స్వయంగా తెలుసునా? తప్పయితే నష్టం ఎవరికి? ఈ నాలుగింటికీ జవాబు లేకపోతే అది జావక్‌కు పోదు.

తప్పు పంపినట్లు తెలిస్తే చెరిపివేసి ఊరుకోవడం చాలదు. ఎక్కడ పంపామో అక్కడే దిద్దవలెను. ఆ పెద్దాయనను చూసివచ్చిన రాత్రి మేము ఐదు బృందాలలోనూ జరిగినది వ్రాసి క్షమాపణ చెప్పుకొన్నాము. పరువు పోతుందనుకొన్నాము. మరునాటికి మరి ముగ్గురు "మేమూ పంపాము" అని వ్రాశారు.

మంచిమాట ఎట్లా ఉండవలె

ఇదంతా చదివి, ఇక బృందంలో చేదు మాటలే పలకవలెనా అని ఎవరైనా అడగవచ్చును. అట్లా కాదు. పెళ్ళింట శుభం పలకమంటే అశుభం పలికిన మంకెన్నను మన సామెత కూడా మెచ్చుకోదు. నిజం పేరు చెప్పి ఎదుటివారిని పొడిచేవారున్నారు. వారిది నిజాయితీ అనుకోరాదు.

ఒక ఉదాహరణ చెబుతాము. ఒకసారి పదవ తరగతి ఫలితాలు వచ్చిన రోజున మన బృందమంతా అభినందనలతో నిండిపోయినది. ఎనభైలు, తొంభైలు, పూలగుత్తులు, చప్పట్లు. ఒక తండ్రి మాత్రం చడీచప్పుడు లేకుండా బృందం విడిచిపోయినాడు. అతని కొడుకు లెక్కలలో తప్పినాడు. సాయంత్రం ఒక పెద్దమనిషి, మంచి ఉద్యోగం చేసి విశ్రాంతి తీసుకొంటున్నవారు, తాము కూడా లెక్కలలో తప్పి రెండవసారి వ్రాసి గట్టెక్కామని బృందంలో వ్రాశారు. ఏ అధ్యాయం తమకు కొరుకుడు పడలేదో, ఎవరి వద్ద నేర్చుకొన్నారో కూడా వ్రాశారు. ఆ మాట ఎవరి ద్వారానో ఆ తండ్రికి చేరినది. మరునాడు ఆయన కొడుకును వెంటబెట్టుకొని ఆ పెద్దమనిషి ఇంటికి వెళ్ళినాడు. నలభై రోజులు పాఠం నడిచినది. కుర్రవాడు ఉత్తీర్ణుడైనాడు.

ఆ రోజు మేము పంపిన పూలగుత్తులన్నిటికంటె ఆ పెద్దమనిషి ఒప్పుకోలే పెద్ద ఆశావాదం. "అన్నీ బాగుంటాయి" అని ఆయన అనలేదు. "నాకూ ఇట్లాగే అయినది, ఇట్లా దాటాను, రా" అన్నారు. ఎవరి ఇంట్లో చూసినా విజయాలే కనిపించే బృందంలో కష్టంలో ఉన్నవాడు నోరు విప్పలేడు. పరాయి రాష్ట్రంలో తరాలుగా ఉంటున్న మనకు సంఘం అన్నది పండుగ ఫోటోల కోసం మాత్రమే కాదు గదా! మగ్గం ఆగినప్పుడు, జబ్బు చేసినప్పుడు, పిల్ల పెళ్ళి తప్పినప్పుడు చెప్పుకోవడానికి కూడా అది మనకు కావలె.

కనుక సోదరీ సోదరులారా, ఉదయాన పూలబొమ్మలు పంపుకొందాము, శుభమే పలుకుదాము. మీటరు 92 చూపితే మాత్రం 92 అనే చెబుదాము. "భయపడవద్దు, రిక్షా నేను తెస్తున్నాను" అని ఆ మాట వెంటనే కలుపుదాము. మన అమ్మలు ఇంతకాలం చేసినది ఇదే. బియ్యం నిండుకున్నాయని తియ్యగా చెప్పారు. చెబుతూనే సంచీ చేతికిచ్చారు.