ఆసుపత్రి వాకిలి చేరకముందే

1966 నవంబరు 4. అమెరికాలోని పిట్స్‌బర్గ్ నగరంలో ఒక ఎన్నికల సభలో మాజీ గవర్నరు డేవిడ్ లారెన్స్ కుప్పకూలిపోయాడు. ఆసుపత్రిలో ఆయన గుండె తిరిగి కొట్టుకున్నది. కాని అప్పటికే ప్రాణవాయువు అందక మెదడు దెబ్బతిన్నది. పదిహేడు రోజుల తరువాత ఆయన కన్నుమూశాడు.

నగరమంతా గౌరవించిన మనిషికే ఆ గతి పడితే, సామాన్యుని మాటేమిటి? ఆ రోజుల్లో అక్కడ రోగిని మోసుకుపోయేది సాధారణంగా పోలీసు బండి. వెనుక స్ట్రెచరు మీద రోగి ఒంటరిగా మూలుగుతుంటే, ముందు సీట్లో పోలీసులు కూర్చునేవారు. బండి వేగంగానే పోయేది. ప్రాణం అంతకంటె వేగంగా పోయేది.

లారెన్స్‌ను పరీక్షించిన వైద్యులలో పీటర్ సఫార్ ఒకడు. ఆగిన ఊపిరిని నోటితో ఊది నిలబెట్టవచ్చునని ప్రయోగపూర్వకంగా నిరూపించినవాడాయన. అదే సంవత్సరం ఉబ్బసంతో తన చిన్నారి కూతురును పోగొట్టుకున్న తండ్రి కూడా. చికిత్స ఆసుపత్రిలో కాదు, రోగి పడిన చోటనే మొదలు కావాలని ఆయన పట్టుబట్టాడు.

1967లో 'ఫ్రీడం హౌస్' అనే సంస్థ ఆయనకు తోడైంది. నల్లజాతివారు నివసించే హిల్ ప్రాంతం నుంచి, పని దొరకని యువకులను ఎంపిక చేశారు. కొందరికి హైస్కూలు చదువైనా పూర్తికాలేదు. లోకం పనికిరారని తీర్మానించిన ఆ యువకులకు సుమారు మూడువందల గంటల శిక్షణ ఇచ్చారు. శరీర నిర్మాణం, ఊపిరి నిలపడం, రక్తస్రావం ఆపడం నేర్చుకుని, 1968లో వారు వీధుల్లోకి వచ్చారు.

వారి పని ఎలా ఉన్నది? సఫార్ దానిని పొగడ్తలకు వదలలేదు, లెక్కలకు అప్పగించాడు. 1972లో జరిపిన పరిశీలనలో, ప్రమాదస్థితిలో ఉన్న రోగులకు ఫ్రీడం హౌస్ వారు నూటికి 89 మందికి సరైన చికిత్స చేశారని తేలింది. పోలీసు బండ్లలో ఆ సంఖ్య 38 మాత్రమే.

అయినా 1975 అక్టోబరులో నగరపాలక సంఘం సొంత సేవను ప్రారంభించి, ఫ్రీడం హౌస్‌ను మూసివేసింది. కొత్త సేవలో చేరిన పాత ఉద్యోగులలో అనేకులు నిలవలేకపోయారు. నిలిచిన జాన్ మూన్ క్రమంగా పైకి వచ్చి, ఆ సేవకే సహాయాధిపతి అయ్యాడు. ఫ్రీడం హౌస్ చివరి రోజులలో వైద్య నిర్దేశకురాలిగా ఉన్న నాన్సీ కరోలిన్, వారితో కలిసి పరీక్షించిన పాఠ్యక్రమం దేశమంతటా పారామెడిక్‌ల శిక్షణకు ఆధారమైంది.

అంబులెన్సు ఎన్ని నిమిషాలలో వచ్చిందని మనం అడుగుతాం, అడగవలసినదే. దానితోపాటు మరో ప్రశ్న కూడా అడగాలి: వచ్చినవారు చేయవలసినది చేశారా? ఆ జవాబును లెక్కగట్టి, నిర్భయంగా బయటపెట్టే ఊరిలోనే రేపటి రోగికి ఆశ ఉంటుంది.