విక్రమ్‌కు దిగడం ఎలా వచ్చింది?

పాతబస్తీ దక్షిణాన కంచన్‌బాగ్‌లో ఉన్న మిధాని సంస్థ చంద్రయాన్ ప్రయోగాలకు ప్రత్యేక మిశ్రలోహాలు అందించింది. చంద్రుడి దగ్గర్నుంచి వచ్చే సన్నని సంకేతాలను పట్టే 32 మీటర్ల యాంటెన్నాను హైదరాబాద్‌లోని ఈసీఐఎల్ తయారుచేసి, బెంగళూరు సమీపంలోని బ్యాలాలులో నిలబెట్టింది. 2019 సెప్టెంబరు 7న అర్ధరాత్రి దాటాక చంద్రుడిపై దిగుతున్న చంద్రయాన్-2 ల్యాండర్ విక్రమ్ నుంచి అలాంటి సంకేతాలే ఆగిపోయాయి. 2.1 కిలోమీటర్ల ఎత్తు దాకా అంతా సవ్యంగానే సాగిందని ఆ రాత్రి ఇస్రో ప్రకటించింది. తర్వాత డేటాను తరచి చూస్తే తేడా అంతకంటే పైనే మొదలైందని తేలింది.

చంద్రుడి మీద దారి చూపే జీపీఎస్ లేదు. భూమి నుంచి ఆదేశం చేరడానికే సెకనుకు పైగా పడుతుంది కాబట్టి దిగేటప్పుడు లెక్కలన్నీ ల్యాండరే వేసుకోవాలి. తన వేగంలో, వాలులో వచ్చే మార్పులను క్షణక్షణం కొలిచి, పాత లెక్కకు కలుపుకుంటూ పోతుంది. అలా కలిపేటప్పుడు చిన్న పొరపాటు కూడా పోగుపడుతుంది. ఎత్తు కొలిచే లేజర్, రేడియో పరికరాలు, కెమెరాలు ఆ లెక్కను ఎప్పటికప్పుడు సరిచేయాలి.

30 కిలోమీటర్ల ఎత్తు నుంచి 7.4 కిలోమీటర్ల దాకా సాగిన మొదటి దశలో విక్రమ్ తప్పు చేయలేదు. వేగం సెకనుకు 1,683 మీటర్ల నుంచి 146 మీటర్లకు తగ్గింది. చిక్కు రెండో దశలో వచ్చింది. 2023 జులైలో అప్పటి ఇస్రో ఛైర్మన్ ఎస్.సోమనాథ్ దాన్ని విడమరిచి చెప్పారు. అయిదు ఇంజిన్లు అనుకున్నదానికన్నా ఎక్కువ తోపునిచ్చాయి. వేగం ఉండాల్సినదానికన్నా ఎక్కువ తగ్గింది. కానీ కెమెరా ఫొటోలు తీయాలంటే ఆ దశలో ల్యాండర్ కుదురుగా ఉండాలి. దాంతో దిద్దుబాటు వాయిదా పడి తేడా పేరుకుపోయింది. తీరా సరిచేసుకునే వేళకు చాలా వేగంగా తిరగాల్సి వచ్చింది. అంత వేగంగా తిరగకుండా సాఫ్ట్‌వేర్‌లోనే హద్దు పెట్టి ఉంది. పైగా దిగాల్సిన చోటు అర కిలోమీటరు పొడవు, అంతే వెడల్పు. నేల దగ్గరపడుతున్నా అక్కడికి చేరాలని విక్రమ్ వేగం పెంచుకుంటూనే పోయింది.

ఇంజిన్ చెడలేదు, కంప్యూటర్ ఆగలేదు. ప్రోగ్రామ్ రాసినవాళ్లు గీసిన గీతను పరిస్థితి దాటిపోయింది.

ఐరోపా వారి ఏరియన్-5 రాకెట్‌కూ 1996 జూన్ 4న ఇదే గతి పట్టింది. ఏరియన్-4 నుంచి తెచ్చుకున్న నావిగేషన్ సాఫ్ట్‌వేర్‌లో 16 బిట్ల చోటులో పట్టనంత పెద్ద అంకె వచ్చిపడింది. రాకెట్ నిమిషం లోపే పేలిపోయింది.

చంద్రయాన్-3లో ఇస్రో ప్రశ్నను తిరగేసింది. ఏది ఎలా పనిచేయాలన్నది పక్కనపెట్టి, ఏది విఫలమైతే ఏం చేయాలన్న దాని నుంచి మొదలుపెట్టింది. దిగే చోటును 4 కిలోమీటర్ల పొడవు, 2.4 కిలోమీటర్ల వెడల్పుకు పెంచారు. చార్మినార్ నుంచి నడిస్తే దాదాపు ఫలక్‌నుమా ప్యాలెస్ దగ్గరపడేంత పొడవది. మధ్య ఇంజిన్ తీసేసి నాలుగే ఉంచారు. ఇంధనం పెంచారు. వేగాన్ని నేరుగా కొలిచే లేజర్ డాప్లర్ పరికరం కొత్తగా చేర్చారు. దారి కాస్త తప్పినా సర్దుకునే వెసులుబాటు సాఫ్ట్‌వేర్‌కు ఇచ్చారు. సెన్సార్లను హెలికాప్టర్‌కు కట్టి పరీక్షించారు. అన్నిటిలోకీ సాఫ్ట్‌వేర్‌లోని హద్దులు సడలించడమే అసలైన మరమ్మతు.

2023 ఆగస్టు 23 సాయంత్రం 6.04 గంటలకు అదే పేరున్న చంద్రయాన్-3 ల్యాండర్ విక్రమ్ చంద్రుడి నేలపై నిలిచింది. సెప్టెంబరు 3న ఇంజిన్లు మళ్లీ రగిలించుకుని దాదాపు 40 సెంటీమీటర్లు పైకి లేచి, పక్కనే దిగింది.

ఇలాంటి పాఠాలు అందరికీ అందాలంటే వైఫల్యాల నివేదికలు బయటికి రావాలి. ఏరియన్-5 విచారణ నివేదిక కొన్ని వారాల్లోనే బయటికొచ్చింది. కొలమానాల గందరగోళంతో 1999లో మార్స్ క్లైమేట్ ఆర్బిటర్‌ను పోగొట్టుకున్న నాసా, అదే ఏడాది విచారణ నివేదికను ప్రజల ముందుంచింది. 2019లో విక్రమ్ వైఫల్యంపై మన విచారణ కమిటీ ఇచ్చిన పూర్తి నివేదిక మాత్రం ఇంకా బయటికి రాలేదు. ఇస్రో దాన్ని విడుదల చేయాలి. మన ఇంజినీరింగ్ కాలేజీల్లో అది పాఠం కావాలి.